లేసు కట్టుకునే వ్యవధి

బాస్కెట్‌బాల్ రెఫరీకి విజిల్ ఊదడం త్వరగానే వస్తుంది. ఊదాలనిపించినా ఆగడం మాత్రం ఏళ్లమీద గానీ అబ్బదు.

షూ లేసు ఊడిన కుర్రాడు చెయ్యెత్తి మన వైపు చూస్తాడు. జాలేస్తుంది. సరిగ్గా అప్పుడే అవతలి జట్టు బంతి లాక్కుని రింగు వైపు దూసుకుపోతుంటుంది. అక్కడ ఊదామా, ఆ పరుగు పోయినట్టే. సైడ్‌లైన్ నుంచి మళ్లీ మొదలుపెట్టేసరికి డిఫెండర్లంతా వచ్చి నిలబడి ఉంటారు. ఒకరి మీద దయ ఇంకొకరి సొత్తుతో చూపించడం న్యాయం కాదు. గాయం విషయంలో కూడా అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమాలు బంతి ఉన్న జట్టు షాట్ వేసేదాకానో, బంతి పోగొట్టుకునేదాకానో ఆగమంటాయి. గాయపడిన మనిషిని కాపాడాల్సి వస్తే మాత్రం వెంటనే ఊదవచ్చంటాయి.

మరి ఆ కుర్రాడి సంగతి? దానికి జవాబు నాకు మా సీనియర్ రెఫరీ ఒకాయన్ను చూసి తెలిసింది. బంతి బయటికి పోయాక త్రో-ఇన్‌కు ఇవ్వకుండా చంకలో పెట్టుకుని నిలబడేవారు. "కట్టుకో నాన్నా, బంతి నా దగ్గరే ఉంది" అనేవారు. గడియారం ఎలాగూ ఆగే ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఆట చివర్లో టైమ్‌అవుట్‌లు అయిపోయి, ఊపిరి పీల్చుకోవడానికే లేసు విప్పుకున్నాడని తోస్తే, ఆటగాణ్ని మార్చమని కోచ్‌కు చెప్పేవారు.

నెత్తురు కనబడితే నియమం మారిపోతుంది. ఆటగాడు బయటికి వెళ్లాల్సిందే. రక్తం ఆగి, గాయానికి కట్టు పడ్డాకే తిరిగి రావాలి. ఆ పంపడంలోనూ మర్యాద ఉండాలి. హెచ్‌ఐవీ ఉందని 1991లో ప్రకటించిన ఎన్‌బీఏ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్, మరుసటి ఏడాది మళ్లీ ఆడబోయాడు. ప్రీసీజన్ మ్యాచ్‌లో చేతిపై చిన్న గీత పడింది. తోటి ఆటగాళ్ల భయాల మధ్య కొద్ది రోజులకే ఆట వదిలేశాడు. అందుకే ఎవరికి నెత్తురు కారినా నేను ఒకే గొంతుతో, ఒకే మాట చెబుతాను.

పిల్లల ఆటలో ఇంకా ముందే ఊదుతాను. ఆయాసం ఎక్కువైన పదేళ్ల పిల్ల చెయ్యెత్తి అడగదు, బెంచీ మీద ఇన్‌హేలర్ ఉన్నా సరే. అక్కడ ఎవరి ఫాస్ట్‌బ్రేక్ పోయినా నాకు పట్టింపు లేదు.