ఇంటి తెలుగులో లేని మాట

మన దేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడింది మద్రాసులోనని చాలామందికి తెలుసు. దాన్ని పట్టుకున్నది ఇద్దరు ఆడవాళ్లని తెలిసినవారు తక్కువ. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీ ప్రొఫెసరు సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి సెక్స్ వర్కర్ల రక్తం సేకరించి వేలూరు సి.ఎం.సి.లో పరీక్ష చేయించారు. మొదటి విడతలోనే ఆరుగురికి ఉన్నట్టు తేలింది. ఆ రక్తాన్ని నిర్మలగారు ఇంటి ఫ్రిజ్‌లోనే దాచారట. స్కూటరు మీద ఆమెను తిప్పినవారు భర్త. అలాంటి పనిలో భార్యకు తోడుగా నిలిచిన ఆ పెద్దమనిషిని తలచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. నేను విన్న భర్తల కథలు వేరు మరి.

2018 నుంచి మూడేళ్లు నామక్కల్ వైపు బ్రాంచిలో పనిచేశాను. ఊరికి ఆంజనేయస్వామి, కోడిగుడ్లు, లారీలు పేరు. పక్కనే తిరుచెంగోడు, బోర్లు వేసే రిగ్గు బండ్ల ఊరు. బండి కదిలిందంటే మగవాడు మళ్లీ ఇల్లు చేరేది నెలకో, రెండు నెలలకో. ఆ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లు తరాలుగా ఉన్నాయి. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. పొదుపు సంఘాల ఖాతాలు నా బల్ల మీదికే వచ్చేవి. నేను తెలుగుదాన్నని తెలిశాక లోను సంగతి అయిపోయినా కూర్చుని మాట్లాడేవారు.

2019లో ఒక లారీ డ్రైవరు భార్య, భర్త పోయాక, నామినీ కాగితాలు పట్టుకొచ్చింది. నేను అడక్కుండానే "జొరమక్కా, ఆరు నెలల జొరం" అంది. కాసేపాగి, గొంతు తగ్గించి, తమిళంలో అసలు పేరు చెప్పింది. అంతసేపూ తెలుగే మాట్లాడుకున్నాం. ఆ ఒక్క మాట దగ్గర భాష మారింది. ఇంటి తెలుగులో దానికి మాట లేదు.

"నువ్వు పరీక్ష చేయించుకున్నావా?" అన్నాను.

"నాకేమక్కా, నేను ఇల్లు దాటిందే లేదు."

బ్యాంకులో ఈ లెక్క చెల్లదు. జామీను సంతకం పెట్టినవాడు పైసా వాడుకోకపోయినా అప్పు అతని నెత్తిన పడుతుంది. మన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఈ క్రిమి వచ్చింది అలాగే, తాళి కట్టినవాడి ద్వారా.

గర్భిణులకు ప్రభుత్వాసుపత్రిలో మొదట్లోనే ఈ పరీక్ష చేస్తారు. మందు పడకపోతే బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా. సరిగా వాడితే 5 కంటే తక్కువ. మంచిదే. కానీ కాన్పులు అయిపోయిన ఆవిడను ఎవరు పిలుస్తారు? పెళ్లికెదిగిన పిల్లను? జాతకం చూస్తాం, జీతం చూస్తాం, ఇంటి పట్టా జిరాక్సు కూడా అడుగుతాం. రక్తం మాటెత్తితే మాత్రం సంబంధం తప్పిపోతుందని భయం.

ఆవిడ భయం ఇంకొకటి. "తెలిస్తే అత్తగారింట్లో ఉండనిస్తారా?" అంది. 2018 సెప్టెంబరులో అమలుకు వచ్చిన చట్టం సరిగ్గా దీనికి జవాబు చెప్పింది: ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఆడదానికి ఉంది. చట్టం కాగితం మీదిదే, అత్తగారు గడపలో ఉంటారు, నిజమే. అయినా తెలిసి ఉండటం వేరు.

ఐ.సి.టి.సి. అనే గదిలో పరీక్షకు డబ్బు తీసుకోరని, ఫలితం సాధారణంగా అదే రోజు చెబుతారని, కొత్తగా సోకినప్పుడు కొన్ని వారాలు కనిపించదు గనక మళ్లీ చేయించాలని చెప్పాను. మందు 2004 నుంచి ఉచితం. 2017 నుంచి జబ్బు ముదిరేదాకా ఆగక, తేలగానే మొదలుపెడుతున్నారు. 1097 నంబరు పాస్‌బుక్కు వెనక రాసిచ్చాను.

వెళ్లింది. ఏమి తేలిందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. పై నెల కూతురి పేర ఖాతా తెరవడానికి వచ్చి, సంతకం పెడుతూ, "నా చెల్లెల్ని కూడా పంపినానక్కా" అంది.