అత్తయ్య నేర్పిన గుమ్మడికాయ సూపు

మా పెరటి పాకమీద ప్రతి ఏటా తీపిగుమ్మడి పాదు అల్లుకునేది. ఆ పాదు మా అత్తగారిది. కాయ కోసిన రోజున నాలుగిళ్ళకు ముక్కలు పంపనిదే ఆమెకు తృప్తి ఉండేది కాదు.

ఒక సంవత్సరం ఆమె జ్వరంతో రెండు వారాలు మంచం పట్టారు. జ్వరం తగ్గినా నోటికి రుచి తిరిగి రాలేదు. పళ్ళు లేనందున అన్నం నమలలేరు. జావ అంటే ముఖం తిప్పుకొనేవారు. రోజురోజుకూ నీరసించిపోతున్నారు. గుమ్మడి ముక్కలు ఉడకబెట్టి, మెదిపి, సూపు చేసి ఇచ్చాను. రెండు చెంచాలు తాగి, "నీళ్ళు తాగినట్టుందమ్మా" అని గిన్నె పక్కన పెట్టారు.

పొలం పనితో అలసిపోయి ఉన్నానేమో, "ఏం చేసినా మీకు నచ్చదులే అత్తయ్యా!" అనేశాను. ఆమె గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ రాత్రి ప్రార్థనకు మోకరించాను గాని నోట మాట రాలేదు.

తెల్లవారగానే ఆమె మంచం దగ్గర కూర్చున్నాను. "తప్పుగా మాట్లాడాను, క్షమించండి. మీకెలా కావాలో చెప్పండి" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని, "కాల్చి చెయ్యమ్మాయ్. మా అమ్మ పొయ్యిలో కాల్చి పెట్టేది" అన్నారు.

ఆమె చెప్పారు, నేను చేశాను. కిలో తూగే చిన్న కాయకు కత్తితో నాలుగైదు గాట్లు పెట్టాలి. లేకపోతే లోపలి ఆవిరికి కాయ పగలవచ్చు. మంట తగ్గిన నిప్పుల మీద పెట్టి, తిప్పుతూ, తొక్క నల్లబడి లోపల మెత్తబడేవరకు కాల్చాలి. దాదాపు గంట పడుతుంది. పక్కనే ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కాల్చాలి. తొక్క, గింజలు తీసి, గుజ్జును పప్పుగుత్తితో మెదిపి, మూడు గ్లాసుల నీళ్ళు, ఉప్పు, మిరియాలపొడి, జీలకర్రపొడి వేసి పది నిమిషాలు మరిగించాలి. చివర ఒక చెంచా నెయ్యి. గ్యాసు పొయ్యి అయితే ముక్కలకు నూనె రాసి, ఇనుప పెనం మీద సన్నని సెగన అంచులు ఎర్రబడేదాకా కాల్చుకోవచ్చు.

కాలిస్తే కాయలోని నీరు ఇగిరి తీపి చిక్కబడుతుంది. గుమ్మడిలోని బీటా కెరోటిన్‌ను మన శరీరం విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. నెయ్యి తోడైతే అది బాగా ఒంటబడుతుంది. అందుచేత ఆ చెంచా నెయ్యి మానవద్దు.

ఆ పూట అత్తయ్య గిన్నె ఖాళీ చేశారు. తరువాత మెల్లగా, "పక్కింటి ముసలామెకు కాస్త పంపావా?" అని అడిగారు. మా అత్తయ్య మళ్ళీ మాకు దక్కారని నాకు అప్పుడు అర్థమైంది.

ఈనాడు ఆమె లేరు. ఆమె దాచిన గింజలతోనే ఇప్పటికీ పాదు పెడుతున్నాను. సహోదరీలారా, మీ ఇంట్లో పెద్దవారు గిన్నె పక్కన పెడితే విసుక్కోకండి. ఎలా కావాలో ఒక్క మాట అడగండి.