తడి తువ్వాలు, మార్క్ ఫోర్

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు చితికాయి. ఏడాది పైగా మార్కాపురం షెడ్డులో ఎముకల గూడులా పడున్న మా అంబాసిడర్ మార్క్ ఫోర్ ఇవాళ రోడ్డెక్కింది. టింకరింగ్, రంగు, సీట్లు అన్నీ కొత్తవి. ఇంజిన్ మాత్రం పాత 1489 సీసీదే. తీసేసి డీజిల్‌ది వేయించమని చాలామంది చెప్పారు, వినలేదు. (2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారీ ఆపేశాక సామాన్ల కోసం తిరిగిన తిరుగుడు ఇంకో పోస్టుకి సరిపోద్ది.)

స్టీరింగ్ పక్కనుండే గేరు కర్ర చేతికి అలవాటయ్యేసరికి తర్లుపాడు వచ్చేసింది. గుంత వస్తే దబ్బున పడదు, పడవలా ఒకసారి వంగి లేస్తుంది.

కంభం ఇంకా రాకముందే రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పంపు వేడెక్కి పెట్రోలు లోపలే ఆవిరైతే ఇంజిన్‌కి అందదు. పాత డ్రైవర్లందరికీ తెలిసిన జబ్బే. హ్యాండ్ బ్రేక్ మీద నమ్మకం లేక చక్రం కింద పలకరాయి ముక్క పెట్టా. మా వైపు దానికేం కొదవ! తువ్వాలు తడిపి పంపుకి చుట్టి చింతచెట్టు కింద కూర్చున్నాం.

గొర్రెలు తోలుకెళ్తున్న పెద్దాయన ఆగాడు.

"ఎవురిది నాయనా, ఎమ్మెల్యేదా?"

"కాదు తాతా, మాదే."

"మరి ఆగిపోయిందే?" అంటూ బానెట్ మీద చెయ్యేసి, చురుక్కుమనేసరికి లాక్కున్నాడు.

అరగంటకి కదిలింది. ఇప్పుడు గిద్దలూరులో టీ తాగుతున్నాం. మళ్లీ తువ్వాలు తడపాలి.