ముందు అడగవలసిన మాట

హోసూరు పక్క పల్లెల్లో అటక మీద ఏముంటుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు. పాత కుండలు, విరిగిన మేడి, పెళ్లినాటి ట్రంకుపెట్టె. మా ఇంటి అటక మీద వాటితోపాటు ఒక కాలు కూడా ఉండేది. బూటు తొడిగిన కాలు.

అది మా చిన్నాయనది. 1983లో చెరకు గానుగ దగ్గర జరిగిన ప్రమాదంలో ఆయనకు మోకాలి కింద కాలు తీసేశారు. ఒక పెద్ద ఆసుపత్రిలో చాలా డబ్బు పోసి కృత్రిమ కాలు పెట్టించాం. పనితనంలో వంక పెట్టడానికి లేదు. అయినా ఆరునెలలు తిరక్కుండానే అది అటకెక్కింది. ఎందుకని అడిగితే ఆయన చెప్పే జవాబు ఒకటే: "దీన్ని తగిలించుకుంటే సంగటి తినేకి కింద కూచునేకి కాదు. మడిలోకి దిగేకి కాదు. బూటుతో గుళ్లోకి పోయేకి కాదు. నడిచేకి మాత్రం అవుతుంది. ఊరికే నడిచి నేను యాడికి పోవాలప్పా?"

ముప్పై ఏళ్లకు పైగా సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఈ మాటను మించిన ఇంజనీరింగు పాఠం దొరకలేదు. ఇప్పుడు శనివారాల్లో మా వీధి పిల్లలు కొందరు ఇంటికి వస్తారు. బయో ఇంజనీరింగు అంటే ఏమిటి తాతా అని ప్లస్ టూ చదివే అమ్మాయి అడిగింది. మనిషి ఒంటికి సాయంగా వస్తువును తయారుచేసే విద్య కూడా అందులో ఒక భాగమని చెప్పి, చిన్నాయన కాలు కథతోనే మొదలుపెట్టాను.

ఆ కాలు చెడ్డది కాదు. కుర్చీ మీద కూర్చునే, ఎప్పుడూ బూటు వేసుకునే మనిషి కోసం పుట్టింది. దాని చీలమండ వంగదు. మనం గొంతుక్కూర్చోవాలన్నా, బాసింపట్టు వేయాలన్నా పాదం అన్ని వైపులా కొంత ఒదగాలి. ఈ తేడాను పట్టుకున్నవారు జైపూరులో 1960ల చివర ఇద్దరు కలిశారు. ఒకరు సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రి ఎముకల వైద్యులు పి.కె. సేథీ. రెండోవారు రాంచంద్ర శర్మ, పెద్దగా చదువుకోని శిల్పి. ఒకరికి ఎముక తెలుసు, ఒకరికి చేతిపని తెలుసు. స్పాంజి రబ్బరు, చెక్క, గట్టి రబ్బరు కలిపి అచ్చులో ఉడికించి, బూటు అవసరం లేని పాదం చేశారు. దానితో ఉత్తకాళ్లతో బురదలో నడవవచ్చు, చెట్టెక్కవచ్చు, కింద కూర్చోవచ్చు. సేథీ గారికి 1981లో మెగసెసే పురస్కారం వచ్చింది. 'మయూరి' సినిమా చూసిన మన వాళ్లకు ఆ కాలు కొత్తది కాదు. సుధాచంద్రన్ నాట్యమాడింది ఆ కాలితోనే.

చిన్నాయనకు అటువంటి కాలు 1991లో ఒక శిబిరంలో దొరికింది. ఆ ఏడాది నాట్లకు ఆయనే మడిలోకి దిగాడు. పాత కాలు మాత్రం అటక మీదే ఉండిపోయింది.

ఇంజనీరింగు పుస్తకాల్లో రూపకల్పన క్రమమని ఒక వరుస ఉంటుంది. అవసరం తెలుసుకోవడం, హద్దులు రాసుకోవడం, నాలుగైదు దారులు ఆలోచించడం, నమూనా చేయడం, పరీక్షించడం, చెడినచోట దిద్దడం, మళ్లీ మొదటికి రావడం. పిల్లలకు ఇది సులభంగానే ఎక్కుతుంది. ఎక్కనిదల్లా ఆఖరిదే. పరీక్షల్లో తప్పితే అవమానమని నేర్పి పెట్టాం గదా! అందుకని తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారైన గుండె కవాటం సంగతి చెప్పాను.

పలక మీద లెక్క కట్టించాను. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె ఏడాదికి సుమారు 3 కోట్ల 78 లక్షల సార్లు కొట్టుకుంటుంది. కవాటం అన్నిసార్లూ తెరుచుకుని మూసుకోవాలి. ఒక్కసారి ఇరుక్కుంటే మనిషి దక్కడు. విదేశాల నుంచి వచ్చే కవాటాలు మన పేదలు కొనలేనివి. డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్, ఆయన తోటి ఇంజనీర్లు మన దేశంలోనే చేద్దామని పూనుకున్నారు. మొదటి నమూనా చెడింది, రెండోది చెడింది, మూడోదీ చెడింది. ఒక దశలో కృత్రిమ నీలమణి బిళ్ల కూడా పెట్టి చూశారు. చివరకు నిలిచింది ప్రత్యేకమైన ప్లాస్టిక్ బిళ్ల, గట్టి మిశ్రలోహపు చట్రం. యంత్రాల మీద, గొర్రెల మీద పరీక్షించి 1990 డిసెంబరు 6న మొదటిసారి మనిషికి అమర్చారు. పని మొదలుపెట్టి అప్పటికి పదేళ్లు దాటింది. ఇది విని ఒక పిల్లవాడు, "అయితే వాళ్లు మూడుసార్లు ఫెయిలా తాతా?" అన్నాడు, ఎంతో సంతోషంగా!

ఆ పిల్లవాడికే ఒక పని అప్పజెప్పాను. వాళ్ల అవ్వకు చేతివేళ్ల కీళ్లు వాచి ఉన్నాయి. లోటా పట్టుకోలేకపోతున్నది, దానికి పిడి చేస్తానన్నాడు. ముందు అవ్వను అడిగి రమ్మన్నాను. అడిగితే ఆమె, "లోటా రెండు చేతుల్తో పట్టుకుంటాన్లేరా, స్నానాలగదిలో ఆ గుండ్రం కొళాయి తిప్పేకే నా వల్ల కాదు" అందట. పిడి ఆలోచన అక్కడే ఆగింది. చెక్కముక్కకు గాడి చెక్కి కొళాయికి తగిలించాడు. తడిసి ఉబ్బి నెలలోపే పగిలింది. సైకిలు ట్యూబు చుట్టి కట్టాడు. సబ్బుచేతికి జారింది. మూడోసారి పీవీసీ గొట్టం ముక్కను మరిగే నీళ్లలో మెత్తబరచి కొళాయి మీద అదిమి, దాని ఆకారానికి తెచ్చి, పొడుగాటి పిడిగా మలిచాం. ఇప్పుడు అవ్వ దాన్ని వేళ్లతో పట్టనక్కర లేదు. ముంజేతితో తోస్తే నీళ్లు వస్తాయి.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ పిల్లవాడి నోటుపుస్తకం. అవ్వ చెప్పిన మాటలన్నీ అందులో రాసుకున్నాడు. మాటలు తెలుగు, అక్షరాలు అరవం. బడిలో వాడికి తెలుగు అక్షరాలు నేర్పలేదు. 'పొద్దున పట్టేస్తాయి, ఎండెక్కితే వదులుతాయి. రాత్రి సలుపుతాయి. చన్నీళ్లు తగిలితే గుంజుతాయి.' ఇంగ్లీషులో రాయరాదా అని అడిగాను. "రాసి చూశాను తాతా, అన్నిటికీ పెయిన్ అనే వస్తోంది" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఎంత పోతుందో చూడండి. పొద్దున పట్టేసే వేళ్లకు ఒక ఉపాయం కావాలి, చన్నీళ్లకు గుంజే వేళ్లకు ఇంకొకటి కావాలి. రెండిటినీ ఒకే పేరుతో పిలిస్తే చేసే వస్తువు రెండిటికీ పనికిరాకపోవచ్చు. మన ఇళ్లలో ముసలివాళ్లు బాధను తెలుగులోనే చెబుతారు. దాన్ని తీర్చగల చదువు చదివే మనవళ్లకు ఆ మాటలు తెలియకుండా పోతున్నాయి. పరాయి రాష్ట్రంలో తెలుగు ఎందుకని అడిగేవాళ్లకు ఇన్నాళ్లూ కావ్యాల పేర్లు చెబుతూ వచ్చాం. ఇకమీదట ఇదీ చెబుదాం.

మీ ఊరి సంఘాల్లో పిల్లలుంటే ఒక నోటుపుస్తకం ఇచ్చి ఇంట్లోని పెద్దవాళ్ల దగ్గరికి పంపండి. ఏ లిపిలో రాసినా సరే, వాళ్ల మాటను వాళ్ల మాటగానే రాయమనండి. మా వాడు మాత్రం వచ్చే శనివారం నుంచి అ ఆలు నేర్చుకుంటానన్నాడు. అవ్వ చెప్పే 'ళ'కూ 'ల'కూ తేడా తమిళంలోనూ ఉంది గానీ, 'గ'కూ 'క'కూ ఒకే అక్షరమట. తను రాసుకున్నది తనకే ఒక్కోసారి తెలియడం లేదట.