భీమిలి దారిలో ఒకటిన్నర రోజు

విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి సముద్రం వెంబడి సాగే రోడ్డు ముప్ఫై కిలోమీటర్లకు మించదు. బస్సెక్కితే గంట, గంటంబావులో దించేస్తుంది. ఆ కాస్త దారికి మేము ఒకటిన్నర రోజు తీసుకున్నాము. మేమంటే మూడు కుటుంబాలు, పదకొండుమంది మనుషులు, రెండు కార్లు, ఒక ఇడ్లీల కారియరు.

ఇందులో తమాషా ఏమిటంటే, శుక్రవారం సాయంత్రం ఏడు గంటలదాకా ఈ మూడు కుటుంబాలవారికీ ఒకరి పేరొకరికి తెలియదు. కొత్తగా కట్టిన మేడలో ఆరు నెలలుగా పైనా కిందా కాపురముంటున్నాము. లిఫ్టులో ఎదురైతే తల ఊపటం, అంతే. ఆ సాయంత్రం కరెంటు పోయింది. మార్చి నెల ఉక్క సంగతి విశాఖవాసులకు చెప్పనక్కరలేదు. అందరూ డాబామీదికి చేరారు. ముఖాలు కనబడకపోతే మాటలు సులువుగా వస్తాయి కాబోలు, పావుగంటలో పై అంతస్తు డాక్టరమ్మగారిది శ్రీకాకుళమనీ, రెండో అంతస్తులోని బ్యాంకు ఉద్యోగిది అనంతపురం జిల్లా అనీ తేలింది.

“మా మామ వచ్చి పదిరోజులైంది. డెబ్బైనాలుగేళ్ళొచ్చినాయి, ఇంతవరకు సముద్రం చూడలేదు. సోమవారం రైలుకు వెళ్ళిపోతానంటున్నాడు. నాకేమో తీరికే చిక్కలేదు” అన్నాడు బ్యాంకాయన నొచ్చుకుంటూ.

“రేపు రెండో శనివారమే కదండీ! మీకు సెలవు, నాకూ ఆసుపత్రి డ్యూటీ లేదు” అన్నారు డాక్టరమ్మ. కరెంటు వచ్చేసరికి ఇడ్లీపిండి ఎవరింట్లో ఉందో, చట్నీ ఎవరు చెయ్యాలో కూడా నిశ్చయమైపోయింది. ఈ ప్రయాణానికి ఇంతకుమించిన ఏర్పాటేమీ లేదు. రాత్రి ఎక్కడ పడుకుంటామన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. తట్టివుంటే మా ఆవిడ బయల్దేరనిచ్చేది కాదు.

తెల్లవారి ఆరింటికి రామకృష్ణా బీచి దగ్గర కార్లు ఆపాము. పెద్దాయన పంచె ఎగగట్టి ఇసుకలోకి దిగి, నీళ్ళకు పదడుగుల దూరంలో నిలబడిపోయారు. ఏమంటారోనని అందరమూ ఆయన ముఖంలోకే చూస్తున్నాము. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత వంగి, వేలు తడిపి నాలికకు రాసుకొని, “ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక మడి పారించేకి పనికిరావు గదప్పా!” అన్నారు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. వాళ్ళ జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. విశాఖలో దానికి దాదాపు రెట్టింపు. అయిదు బోర్లు వేయించి, అయిదూ ఎండిపోయిన మనిషికి ఆ లెక్క నవ్వులాట కాదని మాకు సాయంత్రానికిగాని బోధపడలేదు.

ఒడ్డుమీద ఉన్న కురుసుర జలాంతర్గామిని పిల్లల కోసం బయటనుంచే చూపించి ముందుకు సాగాము. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకొని, 2002 నుంచి ప్రదర్శనశాలగా నిలబడిన ఓడ అది. తెరిచే వేళదాకా ఆగితే ఆ పూట అక్కడే గడిచిపోయేది. కైలాసగిరి కింద తెన్నేటి పార్కు వచ్చింది. 2020 అక్టోబరులో వాయుగుండం తోసుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ ఒకటి ఆ రాళ్ళకే చిక్కుకుంది. నెలల తరబడి ఊరంతా దాన్ని చూడటానికి వచ్చింది. నష్టం ఓడవారిది, వినోదం మనది.

ఋషికొండ దగ్గర మాత్రం ఒక సంగతి వివరంగా చెప్పాలి. పిల్లలున్న ప్రతి ఇంటివారూ తెలుసుకోదగింది. డాక్టరమ్మగారి అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు, ఇంజనీరింగు చదువుతున్నాడు. అన్నిచోట్లా అలలు విరిగి నురుగు కక్కుతుంటే ఒక్కచోట నీరు నున్నగా, చెరువులాగా ఉంది. “అక్కడ దిగుతానమ్మా” అంటూ చొక్కా విప్పాడు. వలలు బాగుచేసుకుంటున్న జాలరి తాత ఒకాయన కూర్చున్నచోటునుంచే కేకవేశాడు. “ఎల్లకండి బాబూ! నిదానంగా ఉన్నట్టుంటాది, లోపలికి లాక్కెలిపోద్ది.”

అలలు ఒడ్డుకు తోసిన నీరంతా ఎక్కడో ఒకచోట సందు చేసుకొని తిరిగి లోపలికి పోవాలి. ఆ సందు లోతుగా ఉంటుంది గనుక అక్కడ అలలు విరగవు. పైకి శాంతంగా కనబడుతుంది. తెలియనివారు ఏరికోరి అక్కడే దిగుతారు. అందులో చిక్కినవారు భయపడి నేరుగా ఒడ్డుకేసి ఎదురీదితే సత్తువ అయిపోతుంది. పక్కకు, అంటే ఒడ్డుకు సమాంతరంగా కొంతదూరం ఈదితే ఆ పాయ దాటిపోవచ్చు. తరువాత అలలే ఒడ్డుకు చేరుస్తాయి. ఇదంతా ఆ తాత ఇసుకమీద వేలితో గీసి చూపించాడు. ఈ తీరంలో ఈతకు దిగి తిరిగిరాని కుర్రవాళ్ళ వార్తలు ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాము. అబ్బాయి చొక్కా తొడుక్కున్నాడు. డాక్టరమ్మగారు తాతకు రెండుచేతులా నమస్కరించి, ఇడ్లీలు పొట్లం కట్టి ఇచ్చారు. చట్నీలో కారం తక్కువైందని మాత్రం ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు.

మంగమారిపేట దాటాక ఎడమచేతివైపు తొట్లకొండ. కార్లు పైదాకా వెళ్తాయి. సుమారు రెండువేల ఏళ్ళ క్రితం బౌద్ధభిక్షువులు నివసించిన కొండ ఇది. 1970లలో నౌకాదళంవారు విమానంనుంచి సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తుశాఖవారు తవ్వగా స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల వరుసలు, శాతవాహనుల సీసపు నాణాలు, రోముదేశపు వెండి నాణాలు దొరికాయి. రోము నాణెం ఇక్కడికెలా వచ్చిందో, కొండమీద నిలబడి సముద్రంవైపు చూస్తే ఎవరూ చెప్పనక్కరలేదు. ఓడలు కింద ఆగేవి, వర్తకులు దానాలిచ్చేవారు.

మేము స్తూపం దగ్గర ఫోటోలు తీసుకుంటుంటే పెద్దాయన కనబడలేదు. వెదికితే, రాతిలో తొలిచిన నీటితొట్టి అంచున గొంతుక్కూర్చొని ఉన్నారు. కొండకా పేరు ఆ తొట్లవల్లనే వచ్చింది. పైన పడిన వానచినుకు వృథా పోకుండా రాతివాలు చూసుకొని తొలిచారు. “సన్నాసులే గానీ నీళ్ళ సంగతి తెలిసినోళ్ళప్పా” అన్నారాయన. “ముందు నీళ్ళకు తావు సూసుకొని, ఆమీట గుడి కట్టినారు.” ఎన్నోసార్లు ఆ కొండెక్కిన నాకు ఈ ముక్క ఎప్పుడూ తోచలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక ఎర్రమట్టి దిబ్బలు చేరాము. సినిమాల్లో చూడనివారుండరు. అయినా ఎదుట నిలబడితే వేరు. రోడ్డుకూ సముద్రానికీ మధ్య సుమారు అయిదు కిలోమీటర్ల పొడవున నేలంతా కుంకుమ రంగు. వాన కోసిన లోయలు, సన్నని సందులు, కత్తి అంచులాంటి గోడలు. లోపలికి పది అడుగులు వేస్తే సముద్రపు హోరు కూడా వినబడదు. పిల్లలు రెండు మలుపులు తిరిగేసరికి మాయమైపోయారు. పేర్లు పెట్టి పిలవాల్సి వచ్చింది. మా పాప కొత్త నేస్తాలిద్దరి పేర్లూ అప్పటికే తనకు తెలిసినట్టు, పెద్దవాళ్ళం మేమే ఇంకా తడుముకుంటున్నట్టు అప్పుడు బయటపడింది.

భూగర్భశాఖకు చెందిన విలియం కింగ్ 1886లోనే వీటిని గురించి రాసిపెట్టాడు. శాస్త్రజ్ఞులు చెప్పే కథ వింతైనది. సుమారు ఇరవైవేల ఏళ్ళ క్రితం, లోకమంతా మంచు పేరుకున్న కాలంలో, సముద్రమట్టం నూరు మీటర్లకు పైగా దిగిపోయింది. బయటపడిన నేలమీది ఇసుకను గాలి లేపి తెచ్చి దిబ్బలుగా పోసింది. ఆ ఇసుకలో తూర్పుకనుమల రాళ్ళనుంచి వచ్చిన ఇనుము కలిసిన ఖనిజాలున్నాయి. ఎండకూ వానకూ అవి తుప్పుపట్టి, రేణువు రేణువుకూ ఎర్రని పూత పట్టింది. అంటే పేరుకు మట్టిగాని, నిజానికి ఇది రంగు వేసుకున్న ఇసుక. ఇటువంటివి తమిళనాడు దక్షిణతీరంలోనూ సింహళంలోనూ కూడా ఉన్నాయి. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది.

పెద్దాయన ఒక గోడను అరచేత్తో తడిమి, మొదట్లో రాలిన ఇసుక కుప్పను చూచి, “ఇది కొత్తగా కోసింది” అన్నారు. “పైన మనుషులు నడిచినచోటే కోత పడింది సూడండి. గడ్డివేళ్ళు పోతే మట్టి నిలబడదు. మా తట్టయితే వంకకు అడ్డంగా రాళ్ళు పేరుస్తాము.”

“రాళ్ళు పేరిస్తే ఈ లోయలు ఉండవు కదా తాతా! ఇవి చూడటానికేగా జనం వచ్చేది” అన్నాడు డాక్టరమ్మగారి అబ్బాయి.

ఆయన కాసేపు ఆలోచించారు. “అట్లయితే వానకే ఇడిసిపెట్టండి. వాన నిదానంగా కోస్తాది. మనిషి తొక్కకుంటే సాలు.”

తొక్కటంతో ఆగితే బాగానే ఉండును. 2024లో ఈ దిబ్బల పక్కన యంత్రాలు పెట్టి నేల చదును చేస్తున్నారని గగ్గోలు పుట్టి, అధికారులు పని ఆపించవలసి వచ్చింది. వేల ఏళ్ళు పట్టిన కుప్పను ఒక యంత్రం ఒక్క పూటలో ఎత్తిపోయగలదు. మళ్ళీ పొయ్యటానికి ఆ గాలీ రాదు, ఆ సముద్రమూ వెనక్కు పోదు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన గుప్పెడు మట్టి తీసి తువ్వాలులో మూటకట్టబోయారు. మా పాప, “తాతా, ఇక్కడిది తీసుకెళ్ళకూడదు” అంది. ఆయన వెంటనే మూట విప్పి, తీసినచోటే పోసి, అరిచేయి చూసుకున్నారు. ఎర్రగా అంటుకొని ఉంది. “మా చేనూ ఇదే రంగు” అన్నారు. ఆ మాటతో కథంతా బయటికి వచ్చింది. ఎనిమిదెకరాల చేను. మూడేళ్ళుగా వేరుశెనగ చేతికి రాలేదు. అమ్మేసి ఇక్కడికి వచ్చి తమ దగ్గరుండమని కూతురూ అల్లుడూ పోరుతున్నారు. కొనేవాడు బయానా పట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. సోమవారం ప్రయాణం అందుకోసమే. అమ్మటానికో, అమ్మనని చెప్పటానికో ఆయన చెప్పలేదు. “నాయనా, అందరి ముందరా ఇప్పుడెందుకు” అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ. కొత్త స్నేహితులం గనుక సలహాలివ్వటానికి మాకు నోరు రాలేదు. అదే మంచిదైంది.

చీకటిపడ్డాక భీమిలి చేరాము. రెండు గదులే దొరికాయి. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి. దిండ్ల సంగతి రాయకపోవటం మేలు. అయినా అర్ధరాత్రిదాకా ఆడవాళ్ళ గదిలో నవ్వులు వినబడుతూనే ఉన్నాయి.

భీమిలి పాత ఊరు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. ఇప్పుడు మహావిశాఖలో భాగం. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ కోఠీ పెట్టి మన నేతబట్టలు కొని ఓడలకెత్తేవారు. ఆంగ్లేయులతో 1824లో కుదిరిన ఒడంబడిక ప్రకారం ఇండియాలోని స్థావరాలన్నీ వదిలి వెళ్ళారు. మిగిలింది సముద్రపు ఒడ్డున సమాధుల తోట. సూదిమొనలాంటి గోపురాలు, అరిగిన డచ్చి అక్షరాలు. ఎక్కడి హాలెండు, ఎక్కడి భీమిలి! భీముడు ఇక్కడే బకాసురుణ్ణి చంపి నరసింహస్వామిని ప్రతిష్ఠించాడని స్థలపురాణం చెబుతుంది. ఆ కొండనే పావురాళ్ళకొండ అంటారు. దానిమీద కూడా బౌద్ధుల నీటితొట్లు ఉన్నాయి. ఎక్కడానికి వ్యవధి లేదు.

ఆదివారం సూర్యోదయానికి గోస్తనీ నది కలిసేచోట ఉన్నాము. బొర్రాగుహల మీదుగా కొండలు దిగి, తాటిపూడి జలాశయం నింపి, ఇక్కడ చడీచప్పుడు లేకుండా సముద్రంలోకి జారుకుంటుందీ నది. ఒడ్డున జాలరులు రెండు జట్లుగా తాడు పట్టి పెద్దవల లాగుతున్నారు. పెద్దాయన ఎవరినీ అడగకుండా వెళ్ళి తాడు పట్టుకున్నారు. వాళ్ళూ ఏమీ అనకుండా చోటిచ్చారు. మేమంతా వెనక చేరాము. అరగంట లాగితే చివరికి రెండు తట్టల నెత్తళ్ళు, గుప్పెడు రొయ్యలు వచ్చాయి.

“ఇంతేనా?” అన్నారు పెద్దాయన.

“ఒక్కోపాలి ఇంతే బాబూ. వచ్చే నెల పదిహేనునుంచి మరపడవలు రెండునెలలు కడలిలోకి ఎల్లకూడదు, చేప గుడ్లెట్టే కాలం గదా. తరవాతే ఏమైనా” అన్నాడు ఆ జట్టు పెద్ద. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరమంతటా ఆ నిషేధం ఉంటుంది. వాటాలెలా వేసుకుంటారు, వల ఖరీదెంత, పడనిరోజు అప్పు ఎవరిస్తారు అంటూ ఇద్దరూ ఇసుకలో కూర్చొని గంటసేపు మాట్లాడుకున్నారు. ఒకరి యాస ఒకరికి సగమే అర్థమవుతోంది. అప్పుల సంగతి మాత్రం పూర్తిగా అర్థమైనట్టే ఉంది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరి ఖర్చులు లెక్కవేసుకున్నాము. ముగ్గురిలో ఎవరూ మిగతా ఇద్దరిని డబ్బు పెట్టనివ్వక, లిఫ్టు తలుపు మూసుకోకుండా పావుగంట అడ్డం నిలబడి వాదించుకున్నాము.

సోమవారం సాయంత్రం స్టేషనుకు మూడు కుటుంబాలూ వెళ్ళాము. చేను ఊసు ఎవరూ ఎత్తలేదు. రైలు కదిలేముందు పెద్దాయన పిల్లలందరినీ దగ్గరకు పిలిచి, మే నెల సెలవుల్లో రమ్మనీ, ముంగారు వానలకు ముందు దుక్కి ఎలా దున్నుతారో చూపిస్తాననీ చెప్పారు. కూతురు తండ్రి ముఖంలోకి చూచి ఏదో అడగబోయి ఊరుకుంది. అనంతపురం దాకా కార్లలో వెళ్ళటం కష్టమనీ, పదిమందికీ రైలు టిక్కెట్లు ఇప్పుడే తీసుకోవాలనీ మా మేడలో మాటలు సాగుతున్నాయి.