బూడిద నీళ్ళు

పుట్టపాక అనే నేత ఊరికి నన్ను పంపింది సైన్సు చెప్పే ఒక స్నేహితుడు. ఆమ్లాలు, క్షారాల పని చూడాలంటే నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాళ్ళకు నూలు తడిపే వాకిలికి వెళ్ళమన్నాడు. మగ్గాల గురించి, 2020లో ఈ రుమాళ్ళకు దక్కిన భౌగోళిక గుర్తింపు గురించి చెప్పడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక పెద్దాయన చేతుల దగ్గరే కూర్చుండిపోయాను.

ఆముదం కాయల్లోంచి గింజ తీశాక మిగిలే పొట్టును కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో నానబెట్టి, పైన తేరిన నీటిని వంచుకున్నాడాయన. రెండు వేళ్ళు ముంచి, బొటనవేలితో రాసి చూశాడు.

"జారాలె సార్. జారకుంటే ఇంకింత బూడిద ఎయ్యాలె."

బూడిదలోంచి నీటిలోకి దిగే క్షారం ముఖ్యంగా పొటాషియం కార్బొనేట్. చర్మం మీది కొవ్వు ఆ క్షారం తగిలి సబ్బుగా మారుతుంది, అందుకే వేళ్ళు జారతాయి. అంటే ఆయన ప్రతిసారీ తన చర్మాన్ని ఖర్చు పెట్టి ఘాటు కొలుస్తున్నాడు. ఆ అరచేతుల పగుళ్ళు చూశాక నాకు ఇంకేమీ చూడబుద్ధి కాలేదు.

తర్వాత ఆ నీటిలో నూనె పోశాడు. కొత్త నూనె కన్నా కాస్త ముక్కిందే బాగా కలుస్తుందట. నిజమే. ముక్కిన నూనెలో విడివడిన కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అవి క్షారంతో తటస్థీకరణ చెంది సబ్బవుతాయి. ఆ సబ్బు మిగతా నూనెను సన్నటి బొట్లుగా నీటిలో నిలిపి ఉంచుతుంది. కుండలో నీళ్ళు నా ఎదుటే పాలలా తెల్లబడ్డాయి. నూలు చిలపలను అందులో పిసికి, ఎండలో ఆరేసి, మళ్ళీ పిసకాలి. రెండు వారాలు ఇదే పని. తర్వాత రంగు వేసేటప్పుడు పటికలోని అల్యూమినియం, దాని వెంట అలిజరిన్ ఎరుపు నూలును అంటిపెట్టుకుని ఉండేది ఇలా ఇంకిన కొవ్వు వల్లనే. పత్తి నూలు ఈ క్షారాన్ని ఓర్చుకుంటుంది. పట్టుకైతే ఇదే నీరు చేటు.

"ఇన్ని దినాల కూలి ఎవరిస్తరు సార్? బొమ్మ ఒక్కతీరుంటే చాలంటరు బేరగాళ్ళు."

ఆ మాట నన్ను వదలడం లేదు. నూనె పట్టని నూలు మీద అదే డిజైను నేసి అమ్ముకుంటే కొన్నాళ్ళకు బొమ్మ మిగులుతుంది, ఈ రసాయనశాస్త్రం పోతుంది. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయని మన పిల్లలు బళ్ళో వల్లె వేస్తారు. సబ్బు కూడా ఒక లవణమేనని, అది తమ ఊరి వాకిట్లోనే తయారవుతోందని వాళ్ళకు చూపించేవారేరీ? ఏ వాక్యాన్ని కంఠస్థం చేయిస్తున్నామో ఆ వాక్యం పక్క వీధిలో కుండలో ఉంటే, పాఠం మాత్రం నల్లబల్ల మీద ముగిసిపోతోంది. ఇది నాకు కోపం తెప్పిస్తుంది.

పెద్దాయన వేళ్ళకు సరిపోయిందనిపించే నీటి పిహెచ్ ఎంతో, ఎంత పొట్టు బూడిదకు ఎన్ని నీళ్ళు పడతాయో, నూనె ఎంత ముక్కాలో కొలిచి రాసిపెట్టాలి. అందుకు పిహెచ్ కాగితాలు, ఒక నోటుపుస్తకం, ఆయన పక్కన కొన్నాళ్ళు కూర్చునే ఓపిక కావాలి. ఆ లెక్క దొరికితే కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకుని పని చేయగలరు. బస్సెక్కితే అందే దూరంలోనే డిగ్రీ కాలేజీల రసాయన విభాగాలున్నాయి.