ఆయనకి డేగ, ఆవిడకి చిలుక

ధవళేశ్వరంలో మా అమ్మమ్మగారింటి నడవాలో, ధాన్యం గాదె పైన రవివర్మ దమయంతి ఉండేది. అసలు చిత్రం 1899 నాటిది. మాది అచ్చుబొమ్మ, గోదావరి తేమకి అంచులు ఉబ్బిపోయింది. ఎర్రచీర కట్టుకుని ఆవిడ, ఎదురుగా తెల్లహంస.

నాకు తెలిసిన తెల్లపక్షి కొంగ ఒక్కటే. ఆనకట్ట గేట్ల దిగువన, నీటికాకుల పక్కన ఒంటికాలి మీద నిలబడేది. నలుడి కబురు మొయ్యడానికి హంసకి బదులు దాన్నెందుకు పంపలేదని అడిగితే అమ్మమ్మ, "కొంగైతే పులసల సంగతి చెబుతుంది గానీ నలుడి సంగతి ఏం చెబుతుందిరా!" అంది. నలుడి కథ తెలుగు చేసిన నన్నయ పక్కనే రాజమహేంద్రవరంలో ఉన్నాడు కాబట్టి, ఆ హంస కూడా మా వైపుదేనని ఆవిడ ధీమా.

ధనుర్మాసంలో గోదాదేవి పటానికి పూజ. ఆవిడ ఎడమచేతి దగ్గర చిలుక. శ్రీవిల్లిపుత్తూరులో ఆ చిలుకని రోజూ పచ్చి ఆకులతో కొత్తగా కడతారట. అదీ రంగనాథుడికి కబురు మోసేదే. మధుర మీనాక్షి చేతిలోనూ చిలుకే.

తర్వాతెప్పుడో బడి పుస్తకంలో మొగలు పాదుషా బొమ్మ చూశాను. ముంజేతి మీద డేగ. చెప్పగానే ఎగిరి వేట పట్టుకొచ్చే పక్షి. ఈ పంపకం నాకు ఇప్పటికీ నచ్చదు. ఆయన పక్షి ఆయన ఆజ్ఞకి గుర్తు. ఆవిడ పక్షి ఆవిడ పైకి అనలేని మాటకి గుర్తు. మా ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకి మాత్రం విగ్రహాలు చేసినవాళ్ళు గుర్రాన్నిచ్చి ఊరుకున్నారు. ఆ లోటు కాకులు తీర్చాయి.

ఈ లెక్కకి లొంగని బొమ్మ ఒకటి బీజాపూరులో పుట్టింది. 17వ శతాబ్ది తొలినాళ్ళది, ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. బూడిదరంగు ఒంటి యోగిని, చేతి మీద గోరువంక. గోరువంకకి మాటలు నేర్పితే వస్తాయి. కానీ సంసారం వదిలిన మనిషికి కబురు పంపాల్సిన నలుడెవరు? పిట్ట ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఏదో చెప్పుకుంటున్నారు, మనకి చెప్పరు. అమ్మమ్మకి ఈ బొమ్మ చూపించే వీలు చిక్కలేదు. చూపిస్తే, సన్యాసినికి ఒంటి నిండా అన్ని నగలేమిటని ముందు అదే అడిగేది.